తోడు నంబరు

"మావా, అన్నం సల్లారిపోతంది. ఇంటికొచ్చీ."

ఆ మాట ఫోన్లోంచి వచ్చింది. గొంతు కాంతానిది. కాంతం మాత్రం ఎదురుగా కొబ్బరి చెట్ల నీడలో నోరు కదపకుండా కూర్చుని ఉంది. మిట్టమధ్యాహ్నం, కడుపులో ఆమె పోసిన చోడి అంబలి, చెవుల్లో ఆగని సముద్రపు హోరు. డిటెక్టివ్ షాలేమ్ రాజుకి ఇదంతా కలలో జరుగుతోందేమో అనిపించింది. ఫోన్లో మీట మళ్ళీ నొక్కాడు. ఫోన్ మళ్ళీ అదే గొంతుతో, అంతే ప్రేమగా, అన్నం చల్లారిపోతోందని చెప్పింది.

షాలేమ్ రాజుకి నిద్రంటే మహా ఇష్టం. కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు మీద గది తీసుకుని 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు కట్టిన రోజు నించీ వాళ్ళమ్మ దెప్పుతూనే ఉంది, నిద్రమొహంగాడికి దొంగలు దొరుకుతార్రా అని. దొరికిన దొంగలందరూ అతను కునికిపాట్లు పడుతున్నప్పుడే దొరికారు. మెలకువగా ఉన్న బుర్ర తనకి కావలసిందే చూస్తుందనీ, మగతలో ఉన్న బుర్రకి మొహమాటం ఉండదనీ అతని నమ్మకం. ఫీజు ఇచ్చేవాళ్ళ దగ్గర మాత్రం ఆ సంగతి ఎత్తడు.

కాంతం మొగుడు పెంటయ్య నిన్న సాయంత్రం నించి కనబడటం లేదు. కొబ్బరితోట రైతు. మంచివాడే, ఒక్క పేకాట తప్ప. తెల్లవారాక అక్కుపల్లి రేవులో వేటకి దిగబోయిన వాళ్ళకి నీటి అంచున అతని చెప్పుల జత కనబడింది. ఒక చెప్పులో ఈ ఫోన్ ఉంది. ఎస్సై ధర్మారావు వచ్చి చూసి, మళ్ళీ ఆడి ఓడిపోయుంటాడు, మొహం చెల్లక సముద్రంలో దిగిపోయుంటాడు అని తేల్చేశాడు. ఊరంతా అప్పుడే పెంటయ్యని దేవుణ్ణి చేసి మాట్లాడుతోంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నారు కదా. కాంతం ఒక్కతే ఒప్పుకోలేదు. బొట్టు చెరపనంది, పొద్దున్నే ఆటో కట్టించుకుని వెళ్ళి షాలేమ్ రాజుని లేపింది. మొగుణ్ణి తెచ్చివ్వమంది.

ఇంతకీ ఆ ఫోన్ సంగతి చెప్పాలి. అది రెండువేల తొమ్మిది వేసవి. పెద్ద తెర ఉన్న అలాంటి ఫోన్లని ఊళ్ళో కంప్యూటర్ ఫోన్లు అనేవారు. స్మార్ట్ ఫోన్ అన్నమాట అప్పటికింకా టెక్కలి దాటి ఇటు రాలేదు. టెక్కలిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే స్తుతి అనే అమ్మాయి ఈ ఫోన్ల కోసం ఒక ప్రోగ్రాం రాసింది. దానికి 'ఆగు' అని పేరు పెట్టింది. పేకాటకి తండ్రిని పోగొట్టుకున్న ఇంట్లో పెరిగిన పిల్ల. చర్చిలో తెలిసినవాళ్ళ దగ్గర పాత ఫోన్లు అడిగి తెచ్చి, ఆట మానాలనుకున్న వాళ్ళకి అందులో ఆ ప్రోగ్రాం వేసి ఇచ్చింది.

ఆడాలని చెయ్యి లాగినప్పుడు ఫోన్లో చుక్క మీట నొక్కాలి. తనకి ఇష్టమైన వాళ్ళ గొంతు వినిపిస్తుంది. కాసేపు కదలకుండా కూర్చోమంటుంది. తరవాత 'తగ్గిందా?' అని అడుగుతుంది. తగ్గిందని నొక్కకపోతే, తోడుగా పెట్టుకున్న మనిషికి దానంతటదే మిస్డ్ కాల్ వెళ్తుంది. మిస్డ్ కాల్‌కి పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరికీ బాధ లేదు. ఆ తోడు మనిషి తిరిగి ఫోన్ చేసి, మనసు కుదుటపడేదాకా మాట్లాడతాడు. నవ్వినవాళ్ళు నవ్వారు గానీ, పెంటయ్య పోయిన కోతల నించీ ముక్క పట్టలేదు.

జీపు వచ్చి తోట బయట ఆగింది. ధర్మారావు దిగి, చంకలో కాయితాల అట్టతో లోపలికి వచ్చాడు. చెట్టుకి ఆనుకుని కళ్ళు మూసుకున్న షాలేమ్ రాజుని చూసి అతని మీసం కింద నవ్వు కదిలింది.

"ఏటి రాజూ, ఫీజు తీసుకుని ఇక్కడ కూడా కునుకేనా?"

"మీరు రాసేసుకున్నారు కదా సార్. ఇంక నాకు పనేముంది?"

స్టేట్‌మెంట్ మీద కాంతం వేలిముద్ర పడితే తన పని అయిపోతుందని ధర్మారావు అన్నాడు. దీపాలు పెట్టే వేళకి పెంటయ్య సముద్రం వైపు నడుస్తూంటే వలలు బాగుచేసుకునే ముసలాయన చూశాడు. చెప్పులు దొరికాయి. శవం అంటారా, ఈ గాలికి బారువ వైపు తేలుతుంది, ఇవాళ కాకపోతే రేపు. ఆడమనిషిని లేనిపోని ఆశ పెట్టి తిప్పడం పాపమని కూడా అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. చెడ్డవాడు కాదు, తొందరమనిషి, అంతే.

చెప్పులు సరిగ్గా ఎక్కడున్నాయని షాలేమ్ రాజు అడిగాడు. నీళ్ళు తాకే చోట, తడి ఇసకలో, సముద్రం వైపు తిరిగి ఉన్నాయని ధర్మారావు చెప్పాడు.

కాంతం పొద్దుటి నించీ దాచుకున్న కోపం అప్పుడు బయటపడింది. "గంగమ్మ కాడికి సెప్పులతో ఎవులెల్తారు బాబూ? సరుగుడు తోట కాడే ఇప్పీసి ఎల్తాం. సిన్నపిల్లలకి కూడా తెలుసు. మా మావకి తెలీదేటి?"

"సచ్చిపోదామనుకున్నోడికి ఆచారాలు గుర్తుంటాయేటమ్మా?"

"పోదామనుకున్నోడికే ఎక్కువ గుర్తుంటాయి సార్," అన్నాడు షాలేమ్ రాజు, కళ్ళు సగం తెరిచి. "సరే, చెప్పులు వదిలేద్దాం. ఈ ఫోన్ చూడండి. బ్యాటరీ గీతలు నిండుగా ఉన్నాయి. కాంతమ్మా, నిన్న పెంటయ్య ఇంట్లోంచి వెళ్ళినప్పుడు ఎన్నున్నాయి?"

ఒక్కటే ఉందని ఆమె చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మొన్నటి నించీ ఊళ్ళో కరెంటు లేదు. ఫోన్ చచ్చిపోతందని మొగుడు వెళ్తూ వెళ్తూ విసుక్కున్నాడు కూడా.

"అయితే సముద్రంలో దిగబోయే మనిషి ముందు కూర్చుని ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నాడంటారా సార్? నిండేదాకా ఆగి మరీ దిగాడా?"

ధర్మారావు చెవులు ఎర్రబడ్డాయి. జంక్షన్లో రీఛార్జి కొట్టు బాబ్జీ దగ్గర ఇన్వర్టరుంది, దారిలో అక్కడ పెట్టుకునుంటాడన్నాడు. దీపాల వేళకే సముద్రం దారి పట్టినవాడు అంతసేపు కొట్లో ఎప్పుడు కూర్చున్నాడని షాలేమ్ రాజు అడిగాడు. ఆ ముసలాయన చూసింది ఇంకెవర్నో అయుండాలి, లేదా పెంటయ్య వెళ్ళింది సముద్రంలోకి కాక ఇంకెక్కడికో అయుండాలి. ఎటు తిప్పినా, ఈ ఫోన్ రాత్రి కరెంటున్న చోట ఉంది. చెప్పులో పెట్టింది ఆ తరవాతే.

"బొమ్మ ఫోన్ పట్టుకుని నాకు పాఠం సెప్తావా?" అన్నాడు ధర్మారావు. అయినా కాయితాల అట్ట తెరవలేదు. కాంతం వంక చూసి, నిట్టూర్చి, దీపాలు పెట్టే వేళకి మళ్ళీ వస్తానన్నాడు. ఈలోగా ఏదైనా తేలితే సరే, లేకపోతే వేలిముద్ర పడాల్సిందే. జీపు వెళ్ళిపోయింది.

ఆమెకి మిగిలింది ఆ సాయంత్రమే. కాంతం అంబలి గిన్నె తీసుకెళ్ళి కడిగింది, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. షాలేమ్ రాజు ఫోన్ జేబులో వేసుకున్నాడు. లేచి సముద్రం వైపు నడిచాడు.

స్తుతి అప్పటికే రేవులో ఉంది. కబురు తెలిసి టెక్కలి నించి బస్సులో వచ్చింది. కాంతానికి మొహం చూపించలేక తోటలోకి రాకుండా ఇక్కడే నిలబడింది. ఎండకి ఇసక మీద గాలి నీళ్ళలా కదులుతోంది. దూరంగా పడవలు నేలని తాకకుండా నిలబడినట్టున్నాయి. షాలేమ్ రాజు చెప్పులు సరుగుడు తోట దగ్గరే విడిచి, కాలుతున్న ఇసకలో గెంతుతూ వెళ్ళాడు. డిటెక్టివ్ హోదా అక్కడే కాస్త కరిగింది.

నీటి అంచున చూడ్డానికేమీ మిగల్లేదు. పోటు వచ్చి తుడిచేసింది. వెనక్కి వచ్చి సరుగుడు చెట్ల కింద వెతికాడు. అక్కడ ఎండు సరుగుడు ఆకుల మీద ట్రెక్కరు బండి చక్రాల జాడ ఉంది. జాడ వెంబడి చీమలు బారులు తీరాయి. వంగి చూస్తే చీమలు మోస్తున్నవి చిన్న చిన్న గోధుమరంగు గుళికలు. వాసన చూశాడు. చేపల పొడి కంపు కొట్టింది. రొయ్యల మేత. బస్తాలు దింపిన బండి ఏదో ఇక్కడ ఆగింది, ముసలాయన చూసినప్పుడు పెంటయ్య నడిచింది దీని కోసమే కావచ్చు. రొయ్యల చెరువుల దగ్గర కరెంటు పోయినా జనరేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. అక్కడ ఫోన్ నిండా ఛార్జింగ్ అవుతుంది, దీపాలూ వెలుగుతాయి. ఇంకా చాలా జరుగుతాయి.

స్తుతిని నీడలో కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, తడబడకుండా జవాబు చెప్పింది. ఫోన్ తీసుకుని ఏవో మీటలు నొక్కి చూసింది. నిన్న పొద్దు వాలుతుండగా పెంటయ్య చుక్క మీట నొక్కాడు. కాంతం గొంతు విన్నాడు. మళ్ళీ విన్నాడు. మళ్ళీ మళ్ళీ విన్నాడు. 'తగ్గిందా?' అంటే మాత్రం ఏమీ నొక్కలేదు. మిస్డ్ కాల్ వెళ్ళిపోయింది. కొంచెం సేపటికి అటునించి ఫోన్ వచ్చింది. మాట్లాడాడు.

"పోట్లాడాడు సార్," అంది స్తుతి. "తనతో తను చాలాసేపు పోట్లాడాడు."

మొన్న కూడా పెంటయ్య తనకి ఫోన్ చేశాడని అప్పుడు చెప్పింది. తోడు గురించి ఒక మాట చెప్పాలి, ఫోన్లో కాదు, ఆదివారం టెక్కలి వచ్చి చెప్తానన్నాడు. మెచ్చుకోవడానికేమో అనుకుంది తను. ఆ తోడు ఎవరని అడిగితే తెలీదంది. ఎవరికి వాళ్ళే నంబరు పెట్టుకోవాలి, తను కూడా చూడకుండా దానికి తాళం వేసింది, అటునించి వచ్చిన కాల్ కూడా తెర మీద 'తోడు' అనే పడుతుంది. మీకు బాగా దగ్గరి మనిషిని పెట్టుకోండని మాత్రం అందరికీ చెప్పింది. పెంటయ్యకైతే అంద్రెయ అయుంటాడని ఆమె ఊహ. ఇద్దరూ ఒకే కంచంలో తినేంత స్నేహం.

అంద్రెయ పడవలు లాగే మనిషి. అతనూ ఆట మానడానికి స్తుతి దగ్గర ఫోన్ తీసుకున్నవాడే. షాలేమ్ రాజు స్తుతిని వెంటబెట్టుకుని కొబ్బరితోటకి తిరిగొచ్చి పిలిపిస్తే, తడి లుంగీతోనే వచ్చాడు. పెంటయ్యకి తోడు నువ్వేనా అని అడిగితే వింతగా చూశాడు.

"నానా? నాను ఆడికి బావనవుతాను బాబూ. సెయ్యి లాగతందని బావకి ఎవులైనా సెప్తారేటి? సచ్చిందాకా ఎకసెక్కం సేత్తాడు. పెళ్ళిలో, సావులో, ఎక్కడ కనబడితే అక్కడే అంటాడు."

"మరి నీ తోడెవరు?"

"బాబ్జీ గారు."

"పెంటయ్యకి?"

"ఆడికీ ఆయనే. అందరికీ ఆయనే." అంద్రెయ అదేదో అందరికీ తెలిసిన విషయమన్నట్టు చెప్పాడు. "ఊళ్ళో అందరూ వరసే కదా బాబూ. బావో, మావో, అల్లుడో ఏదో ఒకటవుతారు. ఆయన గోదారి వైపు నుంచి వచ్చినాడు. ఏ వరసా లేనోడు ఆయనొక్కడే. పైగా మమ్మల్ని కూడా అండీ అంటాడు."

స్తుతి చేతిలో ఫోన్ కింద పెట్టేసింది. దగ్గరి మనిషి అంటే సిగ్గుపడక్కర్లేని మనిషని ఆమె అనుకుంది. ఈ ఊళ్ళో మనిషి దగ్గరయ్యేకొద్దీ సిగ్గు ఎక్కువని ఆమెకి తట్టలేదు. అందరూ వెతికి వెతికి, తమకేమీ కాని ఒక్కడి చేతిలో తమ బలహీనతంతా పెట్టారు. ఎవడి చెయ్యి ఏ క్షణంలో లాగుతోందో ఆ ఒక్కడికీ ఎప్పటికప్పుడు గంట మోగి తెలుస్తోంది. కంచే చేను మేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి?

షాలేమ్ రాజు కళ్ళు మూసుకున్నాడు. సముద్రం హోరు దగ్గరగా వచ్చి వెనక్కి వెళ్ళింది. నీటి అంచుదాకా చెప్పులు తీసుకెళ్ళిన చెయ్యి ఈ ఊరిది కాదు. ఆ మగతలో అతనికి ఆ చెయ్యి మాత్రమే కనిపించింది, శుభ్రంగా, ఉంగరంతో, మర్యాదగా. అయినా అది కలలో కనబడిన చెయ్యి. ధర్మారావు దగ్గర అది చెల్లదు.

అంద్రెయ చేత అతని ఫోన్ తీయించి ముందు పెట్టించి, చుక్క మీట నొక్కమన్నాడు. వింటానని కాంతం కూడా వచ్చి వెనక నిలబడింది. ఏం జరిగినా నోరెత్తవద్దని షాలేమ్ రాజు ఆమె దగ్గర మాట తీసుకున్నాడు. అంద్రెయ ఫోన్లో వాళ్ళమ్మ ప్రార్థన చేసింది. కొడుకు చేతులు కాయమని ప్రభువుని అడిగింది. 'తగ్గిందా?' అని తెర మీద వచ్చింది. ఎవరూ ఏమీ నొక్కలేదు. అంద్రెయ నుదుటి మీద చెమట పట్టింది.

"నాటకానికి నొక్కినాను గానీ, నిజంగానే లాగతంది బాబూ," అన్నాడు మెల్లగా. షాలేమ్ రాజు అతని భుజం మీద చెయ్యి వేసి ఉంచాడు.

మిస్డ్ కాల్ వెళ్ళింది. కొబ్బరాకుల గలగల వింటూ కూర్చున్నారు. ఫోన్ మోగింది. స్తుతి స్పీకర్ పెట్టింది.

"అంద్రెయ గారూ, బాబ్జీనండీ. మనసు బాగోలేదాండీ?" ఎంతో ఆప్యాయంగా ఉంది గొంతు. ఆ గొంతు వింటే ఎవరికైనా కష్టం చెప్పుకోవాలనిపిస్తుంది. వెనకాల జనరేటరు చప్పుడు గుబగుబమంటోంది.

అవునని అంద్రెయ అన్నాడు.

"అంత బాధపడకూడదండీ. ఊరికే వచ్చి అలా కూర్చుని చూసి వెళ్ళండి, మనసు తేలికపడుద్ది. ఆడమని ఎవరన్నారండీ? బండి పంపమంటారా?"

అదీ సంగతి. తోడు మనిషి ఓదార్పు ఇన్నాళ్ళూ ఇలా సాగింది. స్తుతి పమిట నోట్లో కుక్కుకుంది. షాలేమ్ రాజు సరే అనమని సైగ చేశాడు. అంద్రెయ నోరు తెరవబోతూండగా, జనరేటరు చప్పుడు వెనకనించి ముక్కలు చాపకేసి కొట్టిన శబ్దం, దాని మీద ఎవరిదో పెద్ద నవ్వు వినిపించాయి.

"ఎయ్యండ్రా, ఈ సుట్టు నాదే. రాతిరి నించి కూకున్నాను, ఇప్పుడొచ్చింది సెయ్యి."

కాంతం రెండు చేతులతో కొబ్బరిచెట్టుని పట్టుకుంది. మాట తప్పలేదు, నోరెత్తలేదు. మొహం మాత్రం ఒక్కసారిగా వెలిగిపోయింది. పెంటయ్య బతికే ఉన్నాడు. ఆ నవ్వు ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

అంద్రెయ ఆపుకోలేకపోయాడు. "పెంటయ్య గొంతులాగుందేటండీ?"

అటువైపు ముక్కల చప్పుడు దూరమైంది. బాబ్జీ లేచి బయటికి నడిచినట్టున్నాడు. తిరిగి మాట్లాడినప్పుడు గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు.

"పెంటయ్య గారు నిన్ననే సముద్రంలో పోయారు కదండీ. పోలీసులు కూడా రాసేసుకున్నారు." వెనకాల జనరేటరు చప్పుడు ఒక్కటే మిగిలింది. "మీరెక్కడున్నారో అక్కడే ఉండండి. బండి వచ్చేస్తది. మీరొక్కరే ఉన్నారు కదండీ?"

లైను తెగిపోయింది.

షాలేమ్ రాజుకి మగతంతా దిగిపోయింది. పెంటయ్యని ఎవరూ కట్టెయ్యలేదు, కొట్టలేదు. ఎదురుగా చాప పరిచి, ముక్కలు పంచి కూర్చోబెట్టారు. బాబ్జీ సంగతి కనిపెట్టి ఆదివారం స్తుతికి చెప్దామనుకున్న మనిషి, ఆ బాబ్జీ ఫోన్ చేసి పిలవగానే తెలిసి తెలిసి వెళ్ళి కూర్చున్నాడు. తను నోరు విప్పకుండా రేవులో తన చావు ముందే సిద్ధమైపోయిందనీ, చాప బయట విడిచిన చెప్పులూ ఛార్జింగ్ పెట్టిన ఫోనూ అక్కడికి చేరాయనీ అతనికి తెలీదు. చెప్పులు దొరికాయి, చూసిన సాక్షి ఉన్నాడు, ఎస్సై కాయితం రాశాడు. కాంతం వేలిముద్ర పడితే ఇంక అతన్ని వెతికేవాడే ఉండడు. శవం ఒక్కటే బాకీ, బారువ వైపు తేలడానికి. ఇప్పుడు ఆ గొంతు విన్నందుకు అంద్రెయ కూడా అదే లెక్కలో చేరాడు.

షాలేమ్ రాజు ఇదంతా పైకి చెప్తున్నకొద్దీ కాంతం మొహంలో వెలుగు అలాగే ఉండి, కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారడం మొదలైంది.

"నవ్వుతన్నాడు బాబూ," అంది. "ఆడు నవ్వుతన్నాడు."

స్తుతి చేత ధర్మారావుకి ఫోన్ కలిపించాడు షాలేమ్ రాజు. పాఠం చెప్పడానికి కాదు సార్, ఈసారి మీ కాళ్ళు పట్టుకుంటాను, జీపు రొయ్యల చెరువుల వైపు తిప్పండి అని చెప్పాడు. అటునించి జవాబు రాకముందే సరుగుడు తోట వైపు ట్రెక్కరు ఇంజను వినిపించింది. బాబ్జీ ఫోన్ పెట్టేసి నిమిషమైనా కాలేదు. చెరువుల దగ్గర్నించి బయలుదేరితే ఇంత తొందరగా రాలేదు. ఆ బండి చాలాసేపటి నించీ ఇక్కడే ఎక్కడో ఆగి, ఈ తోటనే చూస్తూ ఉంది.